అక్క వయసు

తొమ్మిదో భాగం

పోయిన వారం మనం చెలంగాత్‌ను టీ ఎస్టేటు ఆఫీసు ముందు, సున్నంతో గీసిన గుండ్రటి గీతలో నిలబెట్టి వచ్చాం. ఆమె ఇంకా అక్కడే ఉంది. తలగుడ్డ మడతలో గుర్తింపు కార్డు ఉంది. నోటికి పాత గుడ్డతో తనే కుట్టుకున్న మాస్కు ఉంది. ముందు ఇంకా ఆరు గీతలున్నాయి, గీతకొక మనిషి.

సోమవారం గేటుకి అంటించిన కాగితంలో రెండు సంగతులున్నాయి. యాభై ఎనిమిదేళ్లు దాటినవాళ్లెవరూ జబ్బు సద్దుమణిగేదాకా ఆకు కోయడానికి రాకూడదు. నైరోబీ నుంచి ఎవరైనా వచ్చి ఏ ఇంట్లో దిగినా, ఆ ఇంటికి పద్నాలుగు రోజులు తాళం వేస్తారు. రెండో సంగతి తనకు పట్టదని చెలంగాత్ దాన్ని సరిగా చదవను కూడా లేదు. మొదటిది మాత్రం మూడుసార్లు చదివింది.

కార్డు ప్రకారం ఆమెకు యాభై తొమ్మిది. నిజానికి యాభై మూడు. ఎందుకంటే ఆ కార్డు ఆమెది కాదు.

కార్డులో పేరు చెప్కోయెచ్. తెల్లవారుతుండగా పుట్టిన పిల్లకి పెట్టే పేరది. చెలంగాత్ పొద్దు గుంకుతుండగా పుట్టింది, ఆమె పేరే ఆ సంగతి చెబుతుంది. ఈ కొండల్లో పుట్టిన వేళ పేరులోనే ఉంటుంది. సంవత్సరం మాత్రం ఎవరో ఒకరు కాగితం మీద రాయాలి. వాళ్ల అమ్మ ఇద్దరు ఆడపిల్లల్నీ మిషన్ దవాఖానాలో కన్నది కాబట్టి రేకు పెట్టెలో రెండు పుట్టుక చీటీలుండేవి. అక్క చెప్కోయెచ్‌ది ఒకటి, చెలంగాత్‌ది ఒకటి.

అక్క పంతొమ్మిదేళ్లప్పుడు తెల్లవారక ముందే లేచి లారీ డ్రైవరుతో నైరోబీ వెళ్లిపోయింది. ఆ పేరు ఈ ఇంట్లో ఎత్తొద్దంది అమ్మ. మరుసటేడు అమ్మ చెయ్యి నిప్పుల్లో కాలి, వేళ్లు ముడుచుకుపోయాయి. ఇంట్లో ఒకరు ఆకు కోస్తేనే ఎస్టేటువాళ్లు కూలీల లైనులో ఇల్లు ఉంచుతారు. చెలంగాత్‌కి పద్నాలుగేళ్లు. పెట్టె తెరిచి చూస్తే ఒక్క చీటీయే ఉంది, అక్కది. రెండోది ఎలుకలు కొట్టేసి ఉంటాయంది అమ్మ. ఆ ఉన్న చీటీ పట్టుకుని చెలంగాత్ పనిలో చేరింది. తర్వాత ఆ చీటీ మీదే గుర్తింపు కార్డూ వచ్చింది. ఇంట్లో ఎత్తకూడని పేరుకి తోటలో రోజూ పొద్దున్నే పలకడం మొదలుపెట్టింది. ముప్పై తొమ్మిదేళ్లుగా పలుకుతూనే ఉంది.

ఆ కార్డు నాది కాదు అని చెప్పేద్దామని ఇవాళ బుధవారం పొద్దున బయలుదేరి వచ్చింది.

"ఈ వరస చూస్తుంటే కోగోలందరికీ పెళ్లిచూపులు పెట్టినట్టుంది," అంది ముందు గీతలో ఉన్న తప్లెలై. కోగో అంటే అమ్మమ్మ, నానమ్మ ఎవరైనా. తప్లెలైకి నిజంగానే అరవై మూడు. "పెళ్లికొడుకు ఏడీ?"

"గేటు దగ్గర. నుదుటికి తుపాకీ పెడుతున్నాడు."

జ్వరం చూసే పరికరం పట్టుకున్న కాపలావాడి వంక చూసి తప్లెలై నవ్వింది. ఆ మనిషే రోజూ సాయంత్రం లైను ఇళ్ల ముందు తిరుగుతూ, గుమ్మం గుమ్మానికీ పేరు పెట్టి పిలిచి, కొత్తవాళ్లెవరైనా వచ్చారా అని అడిగి వెళ్తాడు.

"నువ్వెందుకు వచ్చావే? పంపేస్తే హాయిగా పోక," అంది తప్లెలై. "నా మోకాళ్లు ఎప్పుడో సెలవు తీసుకున్నాయి. మిగతాదానికి ఇప్పుడిచ్చారు. అంతే కదా."

"మళ్లీ పిలుస్తారంటావా?"

తప్లెలై నవ్వు ఆపింది. ఆఫీసు వెనక షెడ్డు వైపు గడ్డం ఎత్తి చూపించింది. "పోయిన గురువారం లారీలో దిగిన యంత్రాలు చూశావుగా. ఇద్దరు చెరో వైపు పట్టుకుని చెట్ల తలల మీద ఈడ్చుకుంటూ పోతే చాలంట. ముప్పైమంది కోసేది ఒక్కటే కోస్తుందంట. వాటికి వయసు లేదు, దగ్గు లేదు. మనల్ని పిలవడం ఎందుకు?"

వరస కదిలింది. తప్లెలై కిటికీ దగ్గర రెండు నిమిషాలు కూడా ఉండలేదు. వేలిముద్ర వేసి, చేతి నిండా సబ్బునీళ్లు పోసుకుని, చెలంగాత్ పక్కనుంచి వెళ్తూ, "తోటలో వేసుకునే నీ బూట్లు నాకిచ్చెయ్, వాటిలో కోళ్లకి మేత పెట్టుకుంటా," అంది. నలభై ఏళ్ల పని గురించి ఆమె అన్న చివరి మాట అదే.

కిటికీ అవతల క్వాంబోకా కూర్చుని ఉంది. కీసీ ఊళ్ల నుంచి వచ్చిన అమ్మాయి. హాజరు పట్టీలూ సెలవులూ చూసేది ఆమే. సోమవారం నుంచి నిద్ర లేనట్టు కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"కార్డు గాజు కింద పెట్టండమ్మా. నేను ముట్టుకోను."

చెలంగాత్ కార్డు పెట్టింది. "మేడమ్, నాకు యాభై తొమ్మిది లేవు."

"పొద్దున్నుంచి ఈ మాటన్నవాళ్లలో మీరు అయిదోవారు."

"నాకు నిజంగా లేవు."

"వాళ్లు కూడా నిజంగానే అన్నారు." క్వాంబోకా వెక్కిరించలేదు. పట్టీ తిప్పి వేలితో ఒక గీత వెంట కిందికి వెళ్లింది. "చెప్కోయెచ్. నాలుగో బ్లాకు. పోయిన నెల మీకంటే ఎక్కువ ఆకు కోసినవాళ్లు మీ బ్లాకులో ఇద్దరే. ఇద్దరూ పాతికేళ్ల పిల్లలు."

"మరి నన్నెందుకు పంపుతున్నారు?"

"ఆకు చూసి పంపమనలేదు, ఏళ్లు చూసి పంపమన్నారు. పెద్దవాళ్లని ఈ జబ్బు తొందరగా తీసుకుపోతుందంట. అది మీ తూకం చూసి ఆగదు."

"నన్ను కాపాడ్డానికే పంపుతున్నారా?"

"కాగితంలో అలాగే ఉంది."

"కాపాడినాక మళ్లీ తీసుకుంటారా? అది ఉందా కాగితంలో?"

క్వాంబోకా కాగితం వైపు చూడలేదు. చూడాల్సిన పని లేదు, అందులో ఏముందో ఆమెకు కంఠతా వచ్చు. "లేదమ్మా," అంది.

చెలంగాత్ రెండు చేతులూ కిటికీ గట్టు మీద పెట్టింది. బొటనవేళ్లూ చూపుడువేళ్లూ ఆకు పసరుతో నల్లబడి, ఎంత తోమినా పోని రంగులో ఉన్నాయి. "మేడమ్, నేనొకటి చెప్పాలి. ఈ కార్డు..."

"ఆగండి." క్వాంబోకా చెయ్యి ఎత్తింది. పక్క బల్ల మీది కుర్రవాడిని టీ తెమ్మని పంపి, అతను బయటికి వెళ్లేదాకా ఆగి, కిటికీకి దగ్గరగా జరిగింది. "మీరు చెప్పకముందే నేనొకటి చెప్తాను వినండి. కార్డులో సంవత్సరం తప్పు అంటే వింటాను. ఆ రోజుల్లో గుమాస్తాలు నోటికొచ్చింది రాసేవాళ్లని అందరికీ తెలుసు. కార్డే తప్పు అంటే మాత్రం నేను వినకూడదు. విన్నానా, రాయాలి."

"రాస్తే ఏమవుతుంది?"

"పైనున్న డివిజన్లో ఒకాయన పోయినేడు చెప్పాడు. అన్న కార్డు మీద చేరానని. మంచి మనిషి, మనసులో భారం దించుకుందామనుకున్నాడు. ఇరవై రెండేళ్ల పని అన్న పేరు మీదికి పోయింది. అన్నకి ఆకు పట్టుకోవడం కూడా రాదు. ఈయన మర్నాడు కొత్తగా పనిలో చేరినట్టు రాశారు. కొత్తగా చేరినవాళ్లకి ఎస్టేటు ఇల్లివ్వదు." ఆమె కార్డుని పెన్ను మొనతో కొంచెం వెనక్కి తోసింది. "ఇప్పుడు చెప్పండి. ఈ కార్డు ఏంటి?"

చెలంగాత్ పొద్దున లేచినప్పటి నుంచి ఆ మాటలు కూర్చుకుంటూ వచ్చింది. దారిలో రెండుసార్లు పైకి అని కూడా చూసుకుంది. ఇప్పుడవి నోటిదాకా వచ్చి, మాస్కు వెనకే ఆగిపోయాయి. ముప్పై తొమ్మిదేళ్లు ఎండలోనూ వానలోనూ బుట్ట మోసింది తనే. కానీ ఆ మాట చెబితే మోసింది అక్క అవుతుంది. చెప్పకపోతే తను ముసలిదవుతుంది.

"సంవత్సరం తప్పు రాశారు," అంది.

క్వాంబోకా ఊపిరి వదిలింది. సొరుగులోంచి ఒక ఫారం తీసింది. "ఇది పట్టుకెళ్లండి. మీ రక్తసంబంధీకులు, మీకంటే పెద్దవాళ్లు, ఒక్కరు చాలు. మీ ఊళ్ల సర్కారు అధికారి, చీఫ్ దగ్గరికి వచ్చి, ఈమె ఫలానా సంవత్సరంలో పుట్టింది, నాకు తెలుసు అని ప్రమాణం చేయాలి. చీఫ్ ముద్ర వేస్తాడు. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి నా దగ్గరుండాలి. నాలుగున్నరకి జాబితా హెడ్డాఫీసుకి పోతుంది. తర్వాత నా చేతిలో ఏమీ ఉండదు. ఎవరున్నారు మీకు పెద్దవాళ్లు?"

"అమ్మ పోయి పంతొమ్మిదేళ్లు. నాన్న అంతకు ముందే."

"మేనమామ? మేనత్త?"

"లేరు."

"అక్కలూ అన్నలూ?"

"ఒక అక్క ఉండేది."

"చనిపోయారా?"

"వెళ్లిపోయింది. నేను చిన్నప్పుడే. నైరోబీ వెళ్లిందన్నారు. మళ్లీ కబురు లేదు."

"సరే, కబురు దొరికితే దొరుకుతుంది. పేరు రాసుకుంటాను." క్వాంబోకా పెన్ను ఫారం మీద పెట్టింది. "అక్క పేరు?"

చెలంగాత్ గాజు అవతల ఉన్న కార్డు వైపు చూసింది. పేరు అక్కడే ఉంది. నల్లటి అక్షరాల్లో, తన ఫొటో పక్కనే ఉంది.

"గుర్తులేదు," అంది.

క్వాంబోకా తలెత్తింది. "అక్క పేరు మరిచిపోయారా?"

"చాలా ఏళ్లయింది మేడమ్."

 పేరు రాసే చోటు ఖాళీగా వదిలేసి, క్వాంబోకా ఫారం మడిచి, కార్డుతో కలిపి గాజు కిందినుంచి తోసింది. "గుర్తొస్తే మీరే రాయండి," అంది. "తర్వాతివాళ్లు రండి."

ఆఫీసు పక్క తలుపు దగ్గర మేస్త్రీ కిప్రోనో గోడకి ఆనుకుని ఉన్నాడు. నాలుగో బ్లాకు అతని కిందే ఉంది. ఎప్పటినుంచి అక్కడున్నాడో చెలంగాత్ చూడలేదు. ఆమె మెట్లు దిగి తోట బాట పట్టగానే అతనూ వెంట వచ్చాడు. కొత్త పద్ధతి ప్రకారం ఆరడుగులు వదిలి, బాటకి అటు అంచున నడుస్తున్నాడు.

"పిన్నీ," అన్నాడు కొంతదూరం పోయాక. "అక్క పేరు మరిచిపోయావా?"

"నీకు వేరే పని లేదా? కిటికీల పక్కన నిలబడి వినడమేనా?"

"ఫారాలు తీసుకోవడానికి వచ్చాను. చెవులు మూసుకుని రావాలని కాగితంలో లేదు."

ఆమె నడక పెంచింది. అతను కూడా పెంచాడు. వాన మబ్బు పట్టి తోట ముదురాకుపచ్చగా ఉంది. దిగువన పదిమంది ఆడవాళ్లు నడుముకి పసుపు ప్లాస్టిక్ గుడ్డలు కట్టుకుని, ఒకరికొకరు దూరంగా, మాట్లాడుకోకుండా కోస్తున్నారు. ఇదివరకు ఆ బ్లాకు దగ్గరికి వస్తుంటే పావు మైలు నుంచే నవ్వులు వినిపించేవి.

"మీ ఇంటి గోడా మా ఇంటి గోడా ఒకటే కదా," అన్నాడు కిప్రోనో. "చిన్నప్పుడు నేను వాకిట్లో ఆడుకుంటుంటే, పొద్దు వాలగానే మీ అమ్మ గుమ్మంలోకి వచ్చి పిలిచేది. చెలంగాత్, చెలంగాత్, రామ్మా అని. నువ్వు కట్టెలు దించుకుంటూ వచ్చేదానివి."

చెలంగాత్ ఆగిపోయింది.

"పదహారేళ్ల కింద మేస్త్రీ పనిలో చేరినరోజు హాజరు పట్టీ చదివాను. చెప్కోయెచ్ అన్నాను. నువ్వు పలికావు. తెల్లారి పుట్టిన పిల్లని పొద్దుగుంకిన పేరుతో ఏ తల్లీ పిలవదు పిన్నీ. ఆఫీసులో ఉన్నామె కీసీ అమ్మాయి, మన పేర్ల సంగతి ఆమెకు తట్టదు. మనవాడికి తట్టదా?"

"పదహారేళ్లు తెలిసి ఒక్కసారి కూడా అడగలేదేం?"

"అడిగితే నువ్వు చెప్పాల్సి వచ్చేది."

ఆమెకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు కాబట్టి ఎదురుగా ఉన్నవాడి మీదే వచ్చింది. "అయితే ఇప్పుడెందుకు? వెళ్లి చెప్పు. మీ యంత్రాలకి ఒక వరస ఖాళీ అవుతుంది. మేస్త్రీకి మెప్పొస్తుంది."

"చెప్పేవాణ్నయితే లోపలికి వెళ్లి చెప్పేవాణ్ని. నీ వెనక ఈ బురదలో ఎందుకు వస్తాను?" అతను టోపీ తీసి తల గోక్కున్నాడు. "వెళ్లినవాళ్లని తిరిగి పిలిచే జాబితా ఏదీ లేదు. నిన్న మీటింగులో అడిగాను. అది తర్వాత చూద్దాం అన్నారు. తర్వాత చూద్దాం అంటే నాకు తెలుసు. నీకూ తెలుసు. ఆ పెద్దవాళ్ల వరసల్లోకి వచ్చే వారం యంత్రాలు దిగుతాయి. శుక్రవారం లోపు నీ పేరు ఆ జాబితాలోంచి బయటికి రాకపోతే, జబ్బు పోయినా నువ్వు రావు. అది చెబుదామనే వచ్చాను."

"నీకు కోయడం నేర్పింది ఎవరు?"

"నువ్వే."

"మొదటిరోజు ముదురాకు, ఈనె, కట్టె అన్నీ బుట్టలో వేసుకుని తూకం దగ్గర తిట్లు తింటే, నీ బుట్ట ఏరిపెట్టింది ఎవరు?"

"నువ్వే పిన్నీ. అమ్మకి చెప్పొద్దని నేనే కాళ్లు పట్టుకున్నాను. అందుకే ఇవాళా రేపూ నీ వరసలో ఎవర్నీ పెట్టను. ఎల్లుండి పెట్టక తప్పదు."

వాళ్లు ఆమె వరస దగ్గరికి వచ్చారు. మూడు రోజులుగా కోయకపోతే చిగుళ్లు లేచి, చెట్ల తలలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. చెలంగాత్ చూస్తూ నిలబడలేకపోయింది. బుట్ట లేదు, నడుముకి గుడ్డ లేదు. చేతులు వాటంతట అవే వెళ్లాయి. రెండాకులూ మొగ్గా, రెండాకులూ మొగ్గా. కుడిచెయ్యి కోసింది ఎడమ అరచేతిలో పడేలోపు ఎడమచెయ్యి మరో చిగురు అందుకుంటోంది. ఆమె చేతుల వంక చూడటం లేదు. కళ్లు రెండు చెట్ల అవతల, తర్వాత కోయాల్సిన చోట ఉన్నాయి.

కిప్రోనో వీపు తిప్పి కొండ వైపు చూస్తూ నిలబడ్డాడు. "నేనేమీ చూడట్లేదు," అన్నాడు.

రెండు గుప్పిళ్లు నిండాక ఆమె పక్క వరసలో కోస్తున్న పిల్ల బుట్టలో వాటిని వేసింది. ఆ పిల్ల బుట్ట కొంచెం వంచింది, అంతే.

అప్పుడే షెడ్డు వైపు నుంచి యంత్రం మోత మొదలైంది. ఎవరో నేర్చుకుంటున్నట్టున్నారు. కాసేపు మోగుతోంది, దగ్గుతోంది, ఆగుతోంది. మళ్లీ మోగుతోంది.

ఆమె లైనుకి చేరేసరికి పొద్దు వాలుతోంది. ఇళ్ల కప్పుల మీంచి పొగ లేస్తోంది, ఎవరింట్లోనో మొక్కజొన్న సంకటి అడుగంటిన వాసన వస్తోంది. తలుపు తీసి, ఆకు కోసేటప్పుడు చెట్ల మీద పరిచి ఎత్తు చూసుకునే వెదురు కర్రని మూల నుంచి తీసింది. తుడిచి అటక మీద పెట్టేద్దామా అనుకుంది. శుక్రవారం దాకా ఆగుదామనుకుంది. అంతలో పెరటి వైపు ఎవరో దగ్గినట్టయింది.

వెనక తలుపు తీస్తే, టీ చెట్ల కంచె పక్కన నీళ్ల డ్రమ్ముకి ఆనుకుని ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. పక్కన గళ్ల సంచి ఉంది. కాళ్లు చాపుకుని ఉంది. మోకాళ్లు వాచి లావుగా ఉన్నాయి. మాస్కు పైన కళ్లు, ఆ పైన పూర్తిగా తెల్లబడ్డ జుట్టు మాత్రమే కనిపిస్తున్నాయి.

"అక్కడే ఉండు," అంది ఆమె. "దగ్గరికి రాకు. నేను నైరోబీ నుంచి వస్తున్నా."

గొంతు అమ్మది. అమ్మ పోయి పంతొమ్మిదేళ్లయింది. చెలంగాత్ ద్వారబంధం పట్టుకుంది.

"నువ్వు చిన్నదానివేనా?" అంది ఆ గొంతు. "లేకపోతే చిన్నదాని కూతురివా? నీ జుట్టు ఇంకా నల్లగానే ఉంది."

"నేనే," అంది చెలంగాత్. కాసేపటికి, "అక్కా," అంది.

నలభై ఏళ్ల తర్వాత కలిసిన అక్కచెల్లెళ్లు మధ్యలో నాలుగు బారల నేల వదిలి కూర్చున్నారు. చెలంగాత్ లోపలికి వెళ్లి సొరబుర్రలో పులిసిన పాలు చెంబులో పోసి తెచ్చి, సగం దూరంలో పెట్టి వెనక్కి వచ్చింది. అప్పుడు అక్క చేతుల మీద జరుగుతూ వచ్చి అందుకుంది. మాస్కు దించి తాగింది. పై పళ్లు రెండు లేవు. తాగాక మాస్కు మళ్లీ ఎక్కించుకుంది.

"ఎలా వచ్చావు? దారులన్నీ మూసేశారుగా."

"ఉల్లిపాయల లారీ కొంత. నడక కొంత. పోలీసుల అడ్డు వచ్చినచోట చేలల్లో పడి. నాలుగు రోజులు పట్టింది." అక్క ఇంటి గోడ వైపు చూసింది. "అదే నంబరు. ఎవరో పరాయివాళ్లుంటారనుకున్నా. ఎవరు నిలబెట్టారు?"

"నేనే. ఆకు కోస్తున్నా."

"అమ్మ?"

చెలంగాత్ తల అడ్డంగా ఊపింది. అక్క ఖాళీ చెంబు పక్కన పెట్టింది. ఎప్పుడని అడగలేదు.

"ఒకే ఇంట్లో ఇరవై ఎనిమిదేళ్లు వంట చేశా," అంది చివరికి. "వాళ్ల పిల్లల్ని ఎత్తుకున్నా, వాళ్ల పిల్లల పిల్లల్ని ఎత్తుకున్నా. జబ్బు రాగానే కూర్చోబెట్టి చెప్పారు. నువ్వు బజారుకి వెళ్తావు, ఇంట్లో పెద్దాయన ఉన్నాడు, నువ్వూ పెద్దదానివి, తగ్గాక ఫోన్ చేస్తాం అని. నేను పెద్దదాన్ని కాదమ్మగారూ, నాకు యాభై మూడే అని కార్డు తీసి చూపించా. అమ్మగారు కార్డు చూసింది, నా మోకాళ్లు చూసింది. కార్డు మెట్లెక్కదు కదా అంది."

చెలంగాత్ విన్నది సరిగా అర్థం కాలేదు. "ఎంతని ఉంది?"

"యాభై మూడు."

"నీకు యాభై తొమ్మిది కదక్కా."

"అది నీకూ నాకూ తెలుసు. కార్డుకి తెలీదు." అక్క సంచిలో చెయ్యి పెట్టి వెతుకుతోంది. "వెళ్లిననాడు చీకట్లో రేకు పెట్టె తెరిచి ఒక చీటీ తీసుకున్నా. రెండూ ఒకటే రంగు, ఒకటే సైజు. చదువొస్తే కదా ఏది ఎవరిదో తెలియడానికి. పైదే నాది అనుకున్నా. అక్కడికి పోయాక గుర్తింపు కార్డు కోసం ఆ చీటీ ఇస్తే, గుమాస్తా నీ పేరు చదివాడు. సరిచేసుకోవాలంటే ఇంటికి రావాలి. ఏ ముఖంతో వస్తాను? పలికేశాను. అప్పట్నుంచీ నీ పేరుకే పలుకుతున్నా."

అక్క కార్డు తీసి నేల మీద పెట్టింది. చేతులు తగలకుండా ఉండాలని చెలంగాత్ వెదురు కర్ర చాపి, దాని కొసతో కార్డుని నెమ్మదిగా తన వైపు లాక్కుంది. మట్టిలో గీత పడింది. వంగి చదివింది.

చెలంగాత్. 1966.

ఆమె తన పేరు అచ్చులో చూడటం అదే మొదటిసారి. ఆ పక్కనే ఉన్న ఫొటోలో అక్క, ఇరవై ఏళ్ల కిందటి అక్క, నోరు బిగించి చూస్తోంది. ఎలుకలు ఏమీ కొట్టలేదన్నమాట. అమ్మ చనిపోయేదాకా ఆ ఎలుకల్నే తిట్టింది.

"ఇక్కడ యాభై ఎనిమిది దాటినవాళ్లని తీసేస్తున్నారని లారీలో ఎవరో అనుకుంటుంటే విన్నా," అంది అక్క. "అయితే ఖాళీలుంటాయి కదా. నాకు కొత్త కాదు, పన్నెండేళ్లప్పట్నుంచీ అమ్మతో కోశాను. మోకాళ్లు తగ్గుతాయి, నడిచి నడిచి వాచాయంతే. కార్డు ప్రకారం నాకు ఇంకా అయిదేళ్లుంది. రేపు పొద్దున నన్ను ఆఫీసుకి తీసుకెళ్లు. ఈమె మా చెల్లెలే అని చెప్పు."

చెలంగాత్ తలగుడ్డలో మడిచిన ఫారం అలాగే ఉంది. తనకంటే పెద్దది, రక్తసంబంధీకురాలు, ఒక్కరు చాలు. ఆ ఒక్కరు వచ్చి నాలుగు బారల దూరంలో కూర్చుంది. కాగితం ప్రకారం ఆమె తనకంటే ఆరేళ్లు చిన్నది. ఆమె అక్కనని ప్రమాణం చేయాలంటే ఆ కార్డు వదులుకోవాలి. ఆమె పనిలో చేరాలంటే ఆ కార్డు పట్టుకుని ఉండాలి. పైగా ఆమె నైరోబీ నుంచి వచ్చిందని తెలిస్తే ఈ ఇంటికి పద్నాలుగు రోజులు తాళం పడుతుంది, శుక్రవారం చూస్తే ఎల్లుండే. ఇవన్నీ ఎక్కణ్నుంచి మొదలుపెట్టి చెప్పాలో చెలంగాత్‌కి తోచలేదు.

"అక్కా, అసలు ముందు నువ్విక్కడున్నట్టు ఎవరికీ..." అని మొదలుపెట్టింది.

ముందు వైపు అడుగుల చప్పుడైంది. కాపలావాడు సాయంత్రపు తిరుగుడులో పక్కింటి గుమ్మం దాటి, ఈ గుమ్మం ముందుకొచ్చి ఆగాడు. రోజూ పిలిచినట్టే పట్టీ చూసి పిలిచాడు.

"చెప్కోయెచ్, ఇంట్లో ఉన్నారా? కొత్తవాళ్లెవరైనా వచ్చారా?"

చెలంగాత్ వేలు పెదవుల మీదికి లేవబోయింది. మాస్కు అడ్డం వచ్చింది. ఈలోపే అక్క తల గిరుక్కున ఆ వైపు తిరిగింది. ఆమెను ఆ పేరుతో ఎవరైనా పిలిచి నలభై ఏళ్లయింది.

"ఆఁ, వస్తున్నా," అని పలికింది అక్క.